పద్నాలుగో నంబరుకు జవాబు

"రెండు!"

"ఉన్నాడు సార్. మెడకి తగిలింది. రెండు చేతులతో నొక్కిపట్టుకుని నాలుగడుగులు నడిచాడు. ఐదోది వెయ్యలేదు."

"మూడు!"

"ఉన్నాడు సార్. ఫిరంగి గుండు నేరుగా మీద పడింది. బెల్టు పైభాగమే దొరికింది."

"నాలుగు!"

"ఉన్నాడు సార్. తూటాలైపోతే పార పట్టుకుని లేచాడు. పొట్టలో బాయినెట్టు దించి, కాలితో తన్ని బయటికి లాక్కున్నారు."

లారీలు బాగుచేసే షెడ్డులో, ఏటా అదే తారీఖున, ఉదయం తొమ్మిదింటికి ఈ హాజరు జరిగేది. వంతెన మీద మొదటి గుండు పడింది ఆ వేళకే. వంతెనకి కాపలా ఉన్నవాళ్ళు ఇరవైఒక్కమంది. ఆ పూట గడిచేసరికి మిగిలింది ఐదుగురు. పోయిన పదహారుమందిలో నా తమ్ముడొకడు. వాడి నంబరు పద్నాలుగు.

ఆ హాజరుకి ఒక కట్టుబాటు ఉంది. నంబరు పిలిస్తే, ఆ మనిషి ప్రాణం పోయేటప్పుడు పక్కన ఉన్నవాడే జవాబు చెప్పాలి. "ఉన్నాడు" అనాలి. ఎలా పోయాడో కూడా చెప్పాలి, జరిగింది జరిగినట్టు. అందంగా చెప్పకూడదు. అందంగా చెప్పడానికి పదకొండింటికి స్తూపం దగ్గర మంత్రిగారు ఎలాగూ వస్తారు. బ్యాండు వాయిస్తారు, పూలు పెడతారు, "నవ్వుతూ నేలకొరిగిన వీరులు" అంటారు. వంతెన కాపలా దళానికి అధికారిగా ఉన్నాయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. మంత్రిగారి 'నవ్వుతూ' చెవిన పడితే ఆయన దవడ బిగుసుకునేది. "నా మనుషులు నవ్వలేదు. అరిచారు. అంత భయపడీ నిలబడ్డారు, అందుకే వాళ్ళకి దండం పెట్టాలి" అనేవారు.

జవాబు చెప్పేవాడు ముసలివాడై పోయేలోగా ఆ జవాబుని మరొకరికి అప్పగించాలి. విన్నవాడు దాన్ని బట్టీపట్టాలి. తర్వాత్తర్వాత మామూలు చావు చచ్చినవాళ్ళకీ హాజరు నడిచింది. పదిహేడో నంబరు వైర్‌లెస్సాయన. యుద్ధం తర్వాత ఇరవై ఏళ్ళు బతికి ఆసుపత్రిలో పోతే, మరుసటి ఏడాది ఆయన భార్య షెడ్డుకి వచ్చింది. మంచం పక్కన ఉన్నది ఆవిడే. "ఉన్నారండీ. ఊపిరితిత్తుల్లో నీళ్ళు. మూడు రోజులు ఎగపోశారు" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మగవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

నా తమ్ముడికి మాత్రం జవాబు చెప్పేవాళ్ళు లేరు.

"పద్నాలుగు!" అనేవారు పెద్దసారు. తర్వాత మనసులో పది లెక్కపెట్టేవారు. ఆయన పెదాల కదలిక చూస్తూ నేనూ లెక్కపెట్టేదాన్ని. షెడ్డు రేకుల మీద కాకి నడిస్తే గోళ్ళ చప్పుడు వినపడేది. పది కాగానే "పదిహేను!" అనేవారు. నలభైనాలుగేళ్ళు అలా జరిగింది.

"వాడు పడ్డప్పుడు పక్కన ఎవరూ లేరమ్మా" అని మొదటి ఏడాదే చెప్పారు. సైన్యం ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలోనూ అంతే: వెంటనే ప్రాణం పోయింది, బాధపడలేదు. ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయేదాకా చదివాను. పంతొమ్మిదేళ్ళవాడు ఎవరూ పక్కన లేకుండా పోయాడంటే నాకు అన్నం దిగేది కాదు. వాడు ఒంటరిగా వీధి చివరికి కూడా వెళ్ళేవాడు కాదు.

వాడికంటే నేను ఐదేళ్ళు పెద్ద. మా నాన్న గిడ్డంగిలో రాత్రి కాపలా. పగలు పడుకునేవాడు. తమ్ముడిది చిన్న దెబ్బకే వీధంతా దద్దరిల్లే గొంతు. వాడు ఏడుపందుకుంటే నాన్న లేస్తాడని, లేస్తే ఇద్దర్నీ బాదుతాడని, నేను వాడి నోరు మూసేదాన్ని. నోరు మూస్తే కరిచేవాడు. నా కుడి అరచేతి అంచున, చిటికెనవేలి కింద, వాడి పైపళ్ళ గుర్తు నెలవంకలా ఇప్పటికీ ఉంది.

వాడు యుద్ధానికి బస్సెక్కిన పొద్దున నాకు డ్యూటీ ఉంది. ఆసుపత్రి లాండ్రీలో చేసేదాన్ని. గేటు దగ్గర "సరే వెళ్ళు, ఉత్తరం రాయి" అని వెనుదిరిగాను. "అక్కా" అని పిలిచాడు. లేటైపోతోందని, తిరిగి చూడకుండానే చెయ్యి ఊపాను. అప్పటినుంచి మా ఇంటి నుంచి ఎవరు వెళ్తున్నా కనుమరుగయ్యేదాకా గేటు వదలను. పాలవాడైనా సరే. "ఏంటమ్మా, నేను రేపు మళ్ళీ వస్తాను కదా" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

పోయినేడాది హాజరుకి వారం ముందు పెద్దసారు ఫోను చేశారు. "ఇదే ఆఖరుదమ్మా. షెడ్డు పడగొట్టేస్తున్నారు. నాకు చూపు పోయింది. ఐదుగురిలో వైర్‌లెస్సూ పొడుగోడూ పోయాక మిగిలింది ముగ్గురం. ఇక చాలు."

ఫోను పెట్టేసి, తలుపు గడియ వేశానో లేదో మూడుసార్లు చూసుకుని, వంటింట్లో నేలమీద కూర్చున్నాను. ఈసారీ ఎవరూ పలక్కపోతే నా తమ్ముడి నంబరుకి ఇక జవాబన్నదే ఉండదు. వాడు పోయింది అయిపోయిన సంగతి. వాణ్ణి పిలిస్తే ఎవరూ పలకలేదన్నది అలా మిగిలిపోకూడదు. వైర్‌లెస్సాయన భార్య చెప్పలేదా? నేనే చెప్తాను అనుకున్నాను.

ఆ రోజు ఎనిమిదిన్నరకే షెడ్డుకి వెళ్ళాను. లారీ ఒకటి ముందు చక్రాలు ఊడదీసి దిమ్మల మీద నిలబెట్టి ఉంది. షెడ్డు యజమాని, అప్పట్లో దళం లారీ నడిపిన డ్రైవరు, నాకు ఎప్పటి స్టూలే తుడిచి వేశాడు. వాడు ఆరో నంబరు. నాకంటే రెండేళ్ళు చిన్న.

"కూర్చో అక్కా. టీ వస్తోంది. దేవుడా కాపాడు."

"నా టీకేం రోగం రా?" అంటూ వంటాయన వచ్చాడు, చేతిలో అల్యూమినియం క్యాను. ఆయన దళానికి వంట చేసినవాడు, పంతొమ్మిదో నంబరు. తర్వాత బస్సు డిపో క్యాంటీన్లో ముప్పై ఏళ్ళు చేశాడు. యుద్ధం అయిన నెలకే తమ్ముడి సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా" అన్నాడు. అది మొదలు నెలనెలా వచ్చేవాడు. క్యాంటీన్ రస్కులు తెచ్చేవాడు. మా అమ్మ పోయినప్పుడు రెండు రోజులు మా ఇంట్లోనే ఉండి అందరికీ వండిపెట్టాడు. ఆయనకి పెళ్ళాం పిల్లలు లేరు. నేను అన్నయ్యా అనేదాన్ని.

"నీ టీ తట్టుకుని బతికామంటే, ఫిరంగి గుళ్ళు మమ్మల్నేం చేస్తాయి?" అన్నాడు డ్రైవరు.

"తాగకు. ఆ గ్రీజు తాగు. మనిషివి కాస్త మెత్తబడతావు."

"పెద్దసారూ, వినండి, ఈయన చూపుడువేలు మొండి. కూరగాయలు తరుగుతుంటే తెగిందంటాడు. ఆ ముక్క ఏ రోజు కూరలో పడిందో ఏమో. మనమే తినేసి ఉంటాం!"

ఈ జోకు ఏటా వేసేవాడు. ఏటా అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

పెద్దసారు చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చుని, చొక్కా మీద పతకాలు తడుముకుని సరిచేసుకున్నారు. జాబితా కాగితం ఒళ్ళో ఉంది కానీ ఆయనకి కనపడదు. చూడనవసరమూ లేదు. తొమ్మిది కొట్టింది.

"రెండు!"

డ్రైవరూ వంటాయనా మార్చి మార్చి జవాబులు చెప్పుకుంటూ పోయారు. ఎనిమిదో నంబరుకి రెండు కళ్ళూ పోయాయి, అయినా తుపాకీ ఎక్కుపెట్టి ఎటు కాల్చాలో చెప్పమని అరిచాడు. పదో నంబరు కాలుతున్న డ్రమ్ముకింద పడ్డాడు, లాగితే చేతి తోలు తొడుగులా ఊడొచ్చింది. పదమూడో నంబరు, ఇరవైరెండేళ్ళవాడు, తెగిన తన కాలిని తనే ఎత్తుకుని "ఇది ఎక్కడ పెట్టను" అని అడిగాడు.

"పద్నాలుగు!"

ఒకటి. రెండు. మూడు. లేచి నిలబడ్డాను.

"ఉన్నాడు సార్" అన్నాను.

పెద్దసారు తల ఇటు తిప్పారు. డ్రైవరు చేతిలో గ్లాసు ఆగిపోయింది. నేను ఉత్తరంలో మాటలే చెప్పాను. "వెంటనే ప్రాణం పోయింది. బాధపడలేదు. పక్కన..."

"కాదు!"

ఆ అరుపు వంటాయనది. నలభైనాలుగేళ్ళలో ఆ గొంతు పెరగడం నేను వినలేదు. మొహం నల్లగా కమిలిపోయింది.

"నువ్వు చెప్పకు. నువ్వక్కడ లేవు. ఈ హాజర్లో అబద్ధం చెప్పకూడదు. మిగతా పదిహేనుమందికీ ఉన్నదున్నట్టు చెప్పాం. వాడికి అబద్ధం చెప్తావా?"

"మరి నిజం ఎవరు చెప్తారు? మీరంతా నోళ్ళు కుట్టేసుకుంటే!"

"వద్దు, చెప్పకు" అన్నాడు డ్రైవరు. నాతో కాదు, ఆయనతో.

"ఆగు" అన్నారు పెద్దసారు.

వంటాయన ఆగలేదు. చేతులు రెండూ తొడలకి ఆనించి, హాజర్లో నిలబడ్డట్టు నిలబడి, గోడకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"పద్నాలుగు ఉన్నాడు సార్. పక్కన నేనున్నాను. ఇరవై నిమిషాలు గుళ్ళు కురిశాయి. తర్వాత అవతలివాళ్ళు వచ్చారు. పారలు, తుపాకీ మడమలు, రాళ్ళు, ఏది దొరికితే దాంతో కొట్టుకున్నాం. నేను గరిటె కాడతో ఒకడి కంట్లో పొడిచాను. వాడు పడ్డాక కూడా పొడుస్తూనే ఉన్నాను. అప్పుడు వాడు, పద్నాలుగు, నా ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గుండు పెచ్చు పొట్టని అడ్డంగా చీల్చింది. పేగులు బయటికి వచ్చేశాయి. వాడు వాటిని చొక్కాలోకి దోపుకుంటున్నాడు, పొద్దున్నే చొక్కా దోపుకుంటాం చూడు, అలా."

డ్రైవరు చెవులు మూసుకున్నాడు.

"నా ఏప్రాను విప్పి కట్టాను. ఈడ్చుకుంటూ వంతెన కింద మురుగు తూములోకి తీసుకెళ్ళాను. పెద్దసారు, వీడు, వైర్‌లెస్సు, పొడుగోడు అప్పటికే అందులో ఉన్నారు. మోకాలిలోతు బురద. అవతలివాళ్ళు మా నెత్తి మీద నడుస్తున్నారు. బతికున్నవాళ్ళని ఒక్కొక్కణ్ణే పొడుస్తున్నారు, వినపడుతోంది. ఒకడు బాయినెట్టు కడుక్కోడానికి కిందికి దిగాడు. తూము మూతి దగ్గర కూర్చున్నాడు. పదడుగులు. అప్పుడు పద్నాలుగుకి స్పృహ వచ్చింది. నోరు తెరిచాడు."

నా అరచేయి చురుక్కుమంది. అంచున, చిటికెనవేలి కింద.

"వాడి గొంతు సంగతి నీకు తెలుసు చెల్లెమ్మా."

తెలుసు.

"నోరు మూశాను. ముక్కు కూడా మూసుకుపోయింది, నా చెయ్యి పెద్దది. తన్నుకున్నాడు. వీళ్ళు కాళ్ళు పట్టుకున్నారు. కరిచాడు. ఎముకలో పళ్ళు దిగాయి. నేను అరవకూడదు కదా. నేనూ వాడి భుజం కరిచి పట్టుకున్నాను. ఆ బయటవాడు తీరిగ్గా కడుక్కుంటున్నాడు. కడుక్కుని, తుడుచుకుని, ఉచ్చపోసుకుని వెళ్ళాడు. అప్పటికి నా వేలు తెగిపోయింది. చెయ్యి తీశాను. వాడు లేడు. నా వేలిముక్క వాడి నోట్లోనే ఉంది. దాన్ని తియ్యలేదు. వాడితోనే పూడ్చాం. అంతే సార్."

ఆ మొండివేలు కేసి చూశాను. ఆ చేత్తోనే రస్కు టీలో ముంచి మా అమ్మకి తినిపించాడు. మా అమ్మ చచ్చిపోయేరోజు ఆ చెయ్యి పట్టుకుని "నా బిడ్డకి మంచి స్నేహితులున్నారు" అంది.

లారీ దిమ్మ పక్కన జాకీ రాడ్డు ఉంది. మూరన్నర ఇనప కడ్డీ. అది నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదు. మొదటి దెబ్బ కనుబొమ్మ మీద పడింది. చర్మం నోరు తెరుచుకున్నట్టు విచ్చుకుని, ఒక్క క్షణం తెల్లగా కనపడి, తర్వాత నెత్తురు దూకింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండోది భుజం మీద. ఎముక విరిగిన చప్పుడు రాడ్డులోంచి నా మోచేతికి పాకింది. ఆయన టైర్ల మీదికి వెనక్కి పడ్డాడు. మూడోది తలకే ఎత్తాను. చంపేద్దామనే ఎత్తాను, ఇందులో దాచడానికేం లేదు.

డ్రైవరు వెనకనుంచి నన్ను పట్టేసుకున్నాడు. "అక్కా! అక్కా, చచ్చిపోతాడు!"

"చావనీ! మీరు కాళ్ళు పట్టుకున్నారట కదరా! నువ్వు పట్టుకున్నావు! ఆ వేలు కూరలో పడిందని ఏటా జోకు వేశావు కదరా, నా ఎదురుగా, నేను నవ్వాను కదరా!" మోచేత్తో వాడి మొహమ్మీద కొట్టాను. ముక్కు చిట్లింది. అయినా వదల్లేదు. నా మెడ మీద వెచ్చగా కారింది.

"వదులు దాన్ని" అన్నాడు కిందనుంచి వంటాయన. నోట్లోకి నెత్తురు కారుతుంటే ఉమ్మి, మళ్ళీ అన్నాడు. "కొట్టనీ. నలభైనాలుగేళ్ళు ఎదురుచూశాను."

"అమ్మా." పెద్దసారు. "రాడ్డు పట్టుకుని ఇటు రా."

వెళ్ళాను. డ్రైవరు వదిలాడో నేను విడిపించుకున్నానో గుర్తులేదు.

"వాడు నోరు మూశాడు, అంతే. ఒకసారి నా వైపు చూశాడు, వదలనా అని. నేను ఇలా చేశాను." ఆయన గుడ్డికళ్ళతో శూన్యంలోకి చూస్తూ, అరచేతిని గాలిలో పెట్టి కిందికి నొక్కారు. "ఆజ్ఞ నాది. ఐదుగురి కోసం ఒకణ్ణి. సంవత్సరానికోసారి పద్నాలుగు అని పిలిచి, వాళ్ళలో ఎవరు చెప్తారా అని పది లెక్కపెట్టాను. చెప్పాల్సింది నేను. నాకు ధైర్యం చాల్లేదు. కొట్టాల్సింది నన్ను."

ఆ నెత్తి మీద నాలుగు తెల్ల వెంట్రుకలు. కణత దగ్గర నరం కొట్టుకోవడం కనపడుతోంది. రాడ్డు చేతిలో జారుతోంది, నెత్తురో చెమటో. ఇక ఎత్తలేకపోయాను. జాలి వేసి కాదు. నా తమ్ముడు చివర్లో ఐదుగురి మధ్య ఉన్నాడన్న మాట అప్పుడే నా బుర్రలోకి దిగింది. ఒంటరిగా లేడు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే. ఇలా దొరికింది.

రాడ్డు కింద పడేశాను.

"మళ్ళీ పిలవండి" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఆయన గోడతో చెప్పాడు. హాజర్లో చెప్పినట్టు కాదు. మళ్ళీ పిలవండి."

"ముందు ఆసుపత్రి..." అన్నాడు డ్రైవరు, చొక్కా అంచుతో ముక్కు అదుముకుంటూ.

"పిలవండి సార్" అన్నాడు వంటాయన. లేవబోయాడు. విరిగిన భుజం వేలాడుతోంది. డ్రైవరు ఒకవైపు పట్టుకుని నిలబెట్టాడు.

"పద్నాలుగు!"

"ఉన్నాడు సార్!" అన్నాడు వంటాయన. పూర్తిగా చెప్పాడు. ఈసారి నన్ను చూస్తూ చెప్పాడు.

"ఉన్నాడు సార్" అన్నాడు డ్రైవరు. "ఎడమకాలు నేను పట్టుకున్నాను."

పెద్దసారు తన పిలుపుకి తనే జవాబు చెప్పారు. "ఉన్నాడు. నేను ఆజ్ఞ ఇచ్చాను."

తర్వాత పదిహేను నుంచి ఇరవైఒకటి దాకా నడిచింది. వంటాయన పంతొమ్మిదికి "ఉన్నాను సార్" అంటే నెత్తురు బుడగలా పేలింది. అదయ్యాకే ఆసుపత్రికి వెళ్ళారు. జాకీ జారిందని రాయించారు. నేను వాళ్ళతో వెళ్ళలేదు. వాళ్ళ జీపు కనుమరుగయ్యేదాకా నిలబడనూ లేదు. నా బతుకులో అది ఒక్కసారే.

ఏడు నెలలు ఎవరి మొహమూ చూడలేదు. చలికాలంలో ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. వంటాయన కాలేయం పాడై వార్డులో ఉన్నాడు, చుట్టాలెవరని అడిగితే చెల్లెలని నా చిరునామా ఇచ్చాడు. వెళ్ళకూడదనుకుంటూనే చెప్పులు వేసుకున్నాను.

మనిషి పసుపుపచ్చగా ఎండిపోయాడు. కనుబొమ్మ మీద నేను పెట్టిన గాటు తెల్లటి గీతలా మిగిలింది. నన్ను చూసి, "టీ తేలేదా?" అన్నాడు. ఆపైన నెత్తురు కక్కుకున్నాడు. గిన్నెడు, దుప్పటి నిండా. కొత్తగా చేరిన ఆయా ఆ దుప్పటి తీసి వేణ్ణీళ్ళ బకెట్టులో వెయ్యబోతే లాక్కున్నాను. "చన్నీళ్ళు! వేణ్ణీళ్ళు తగిలితే మరక గుడ్డలోకి దిగి కూర్చుంటుంది, ఇంకెప్పటికీ పోదు." నేనే ఉతికాను. నాలుగు రోజులు వెళ్ళాను, నాలుగు రోజులూ ఉతికాను.

ఐదో రోజు మధ్యాహ్నం మాట బాగా సన్నగిల్లింది. "పద్నాలుగు నీకు అప్పగిస్తున్నాను. చెప్పు, వింటాను" అన్నాడు. చెప్పాను. పేగులు, ఏప్రాను, తూము, బాయినెట్టు, వేలు. ఒకచోట తప్పితే సరిదిద్దాడు. "పదడుగులు. పన్నెండు కాదు."

కాసేపటికి నొప్పి తట్టుకోలేక అరవడం మొదలుపెట్టాడు. అది మనిషి గొంతులా లేదు. వార్డంతా తలలు తిప్పి చూసింది. పక్క మంచం ముసలాయన "ఎవరైనా ఆ నోరు ముయ్యండయ్యా" అన్నాడు.

నా చెయ్యి లేచింది. ఆయన నోటికి జానెడు దూరంలో ఉంది. తమ్ముడి పళ్ళ గుర్తు ఉన్న చెయ్యి. ముక్కూ నోరూ కలిపి మూస్తే రెండు నిమిషాలు పట్టదు. ఆయన చూశాడు. తల తిప్పుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. ఆ రోజు రాడ్డు కింద ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

తడిగుడ్డ తీసుకుని పెదాలు తుడిచాను. అరవనిచ్చాను. గంటన్నర అరిచాడు. ఎవరెంత విసుక్కున్నా నోరు ముయ్యనివ్వలేదు. తర్వాత ఆగిపోయాడు. మొండివేలు నా అరచేతిలో ఉంది.

ఎండాకాలంలో పెద్దసారు కూడా పోయారు. ఆయన పక్కన డ్రైవరున్నాడు.

మొన్న ఆ తారీఖున, తొమ్మిదింటికి ఐదు నిమిషాల ముందు, షెడ్డు ఉన్నచోటికి వెళ్ళాను. రేకుల కంచె కట్టి లోపల తవ్వుతున్నారు. కంచె బయట డ్రైవరు నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, పతకం. ముక్కు కాస్త వంకరపోయింది. చేతిలో పెద్దసారు కాగితం.

"వస్తావనుకోలేదు అక్కా."

"పిలువు."

దారిన పోయేవాళ్ళు మమ్మల్ని వింతగా చూస్తూ తప్పుకుపోతున్నారు. వాడు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఒకటి నుంచి, పెద్దసారు నంబరు నుంచి మొదలైంది. తనే పిలిచి, తనే జవాబు చెప్పుకుంటూ పోయాడు.

"పద్నాలుగు!"

"ఉన్నాడు" అన్నాను. ఏదీ వదలకుండా చెప్పాను. సంచీ పట్టుకున్న ఒకావిడ మధ్యలో ఆగి, విని, నోరు నొక్కుకుని వెళ్ళిపోయింది.

పదిహేను. పదహారు. పదిహేడు. పద్దెనిమిది.

"పంతొమ్మిది!"

డ్రైవరు కాగితంలోంచి తల ఎత్తలేదు. ఆ నంబరుకి జవాబు వాడి దగ్గర లేదు. మంచం పక్కన ఉన్నది నేను. వాడికి అది తెలుసు, అడగడు.

ఒకటి. రెండు. మూడు. నా తమ్ముడి నోరు మూసిన చెయ్యి గుర్తొచ్చింది. నాలుగు. ఐదు. రాడ్డులోంచి పాకిన ఆ చప్పుడు. ఆరు. లోపల మిషను మట్టిలోకి పళ్ళు దింపుతోంది. ఏడు. ఈ మౌనం ఎంత పొడుగుంటుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఎనిమిది. డ్రైవరు పెదాలు కదులుతున్నాయి. తొమ్మిది.

"ఉన్నాడు" అన్నాను. "నెత్తురు కక్కుకున్నాడు. గంటన్నర అరిచాడు. పక్కన నేనున్నాను."